భూసార కార్డు, ఎరువు బస్తా, మందు డబ్బా మీద రాసుండే మాటలు ఎలా చదవాలి? కొత్తగా వరి చేస్తున్నవాళ్ళకి నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి ఒంట్లో బాగోక ఈ సార్వా (ఖరీఫ్) నుంచి తణుకు దగ్గర మీ మూడెకరాల వరి మీరే చూసుకుంటున్నారు. చేతిలో భూసార పరీక్ష కార్డు ఉంది, దాని మీద పీహెచ్, ఈసీ, ఓసీ అని ఏవో ఉన్నాయి, ఎకరాకి 48-24-16 వేయమని రాసుంది. షాపుకెళ్తే 28-28 తీసుకో, 20-20 తీసుకో అంటున్నారు. మందు డబ్బా మీద చూస్తే అక్కడా మళ్ళీ ఈసీ అనే ఉంది. నాన్నగారేమో "అంకురం దాటకుండా ఆఖరి యూరియా పడిపోవాలి" అంటున్నారు. ఈ భాషంతా ఎక్కడ నేర్చుకోవాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెప్పేస్తానండి, ఈ మాటలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఏ మాట కనపడినా దాని పక్కనున్న అంకె చూడండి, ఆ అంకెని ఎకరాకి ఎన్ని కిలోలు, ఎన్ని గ్రాములు అనే లెక్కలోకి మార్చుకోండి. ఆ లెక్క వస్తే షాపులో మీకు కావాల్సింది మీరే అడిగి కొంటారు, రాకపోతే వాళ్ళ దగ్గర ఏ స్టాకు మిగిలిపోయి ఉంటే అది మీ చేలో పడుతుంది. నేను డెల్టాలోనే వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, సొంత చేను కూడా ఉంది. చదువుకున్న పిల్లలు కూడా ఈ అంకెల దగ్గరే డబ్బు పోగొట్టుకోవడం చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

ముందు కార్డు. భూసార కార్డులో మొత్తం 12 అంశాలు ఉంటాయి: పీహెచ్, ఈసీ, ఓసీ, తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఆ తర్వాత సూక్ష్మ పోషకాలు జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. వీటిలో మొదటి మూడూ మీ నేల స్వభావం చెప్తాయి, మిగతావి నేలలో ఏం నిలవ ఉందో చెప్తాయి.

పీహెచ్ అంటే నేల పులుపా క్షారమా అని. 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే ఏ గొడవా లేదు. 8.5 దాటిందంటే మాత్రం అది కారుచౌడు దారిలో ఉన్నట్టు. ఈసీ అంటే నేలలో కరిగి ఉన్న లవణాల లెక్క, దీనికి డెసీసీమెన్స్ అనో మిల్లీమోస్ అనో యూనిట్ రాసి ఉంటుంది, రెండూ ఒకటే. 1 లోపు ఉంటే భయం లేదు, అది దాటి పెరిగేకొద్దీ మొలకకీ నారుకీ ఇబ్బంది మొదలవుతుంది. ఈ రెండూ కలిపి చూడాలండి, ఎందుకంటే మనవాళ్ళు రెండు రకాల నేలనీ చౌడు అనే అంటారు గానీ వైద్యం వేరు. పైన తెల్లగా ఉప్పు పేరుకునేది పాలచౌడు, అందులో ఈసీ ఎక్కువ ఉంటుంది, దానికి మంచినీళ్ళు పెట్టి, నిలవ ఉంచి, మురుగు కాల్వలోకి తీసేసి ఉప్పు కడగాలి. నల్లగా జిడ్డుగా ఉండి నీళ్ళు ఇంకనిది కారుచౌడు, అందులో పీహెచ్ ఎక్కువ, దానికి జిప్సం వేయాలి. పాలచౌడుకి జిప్సం తోలి డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళని భీమవరం వైపు చాలామందిని చూశాను, అక్కడ చెరువుల పక్కన చేలకి ఉప్పునీరు ఊరి ఈసీ పెరుగుతుంది, అసలు పని మురుగు బోదె బాగుచేసుకోవడం. మీ చేను పక్కన రొయ్యల చెరువు ఏదైనా ఉంటే కార్డులో ఈ అంకె మీద ఓ కన్నేసి ఉంచండి.

ఓసీ అంటే సేంద్రియ కర్బనం. 0.5 శాతం లోపు తక్కువ, 0.5 నుంచి 0.75 మధ్యస్థం, ఆ పైన ఎక్కువ. దీన్ని బట్టే నత్రజని సర్దుకోవాలి, తక్కువుంటే మామూలు సిఫార్సు కంటే 30 శాతం పెంచమని, ఎక్కువుంటే 30 శాతం తగ్గించమని మేం చెప్తూ వచ్చాం. డెల్టాలో ఏటా రెండు వరి పంటలు తీసి, గడ్డి తగలబెట్టేసి, పశువులు లేక పెంట తోలకుండా ఉంటే ఇది ఎందుకు పెరుగుతుంది చెప్పండి. దాళ్వా (రబీ వరి) కోయగానే పచ్చిరొట్ట పైరు జీలుగ విత్తనం ఎకరాకి 10-12 కిలోలు చల్లి, పూతకి వచ్చేటప్పుడు దమ్ములో (నీళ్ళు పెట్టి బురద దున్నేటప్పుడు) కలియదున్నేస్తే ఈ అంకె మెల్లగా కదులుతుంది. నాకు ఈ కార్డులో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఇదే, కానీ బస్తాలో దొరకదు కాబట్టి షాపులో ఎవరూ దీని గురించి మాట్లాడరు.

ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదవండి. కార్డులో అంకె ఎకరాకా, హెక్టారుకా? హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. మీకు 48-24-16 అని రాసింది ఎకరాకి వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ ఎన్ని కిలోలు వేయాలో. అదే సిఫార్సుని హెక్టారుకి రాస్తే 120-60-40 అవుతుంది. పుస్తకాల్లో, యూట్యూబ్‌లో, కొన్ని కార్డుల్లో హెక్టారు లెక్కే ఉంటుంది. మా పక్క ఊళ్ళో ఒక కుర్రాడు ఎక్కడో 120 కిలోల నత్రజని అని చదివి అది ఎకరాకే అనుకుని యూరియా గుమ్మరించాడు, చేను నల్లగా ఏపుగా పెరిగితే ఊరంతా మెచ్చుకున్నారు, ఈనిక దగ్గర మెడవిరుపు (వెన్ను మెడకి వచ్చే అగ్గితెగులు) వచ్చింది, మిగిలింది గాలికి పడిపోయింది. నత్రజని ఎక్కువైతే అగ్గితెగులుకీ, దుబ్బు మొదట్లో రసం పీల్చే సుడిదోమకీ మనమే పిలిచి భోజనం పెట్టినట్టు.

ఇప్పుడు బస్తా మీద అంకెలు. మూడు అంకెలుంటే వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. నాలుగోది ఉంటే అది గంధకం. డీఏపీ 18-46-0 అంటే 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. 20-20-0-13 అంటే బస్తాకి 10 కిలోల నత్రజని, 10 కిలోల భాస్వరం, పొటాష్ లేదు, ఆరున్నర కిలోల గంధకం. యూరియాలో 46 శాతం నత్రజని, ఇప్పుడు వచ్చేది 45 కిలోల బస్తా కాబట్టి అందులో 20 కిలోల 700 గ్రాములు. ఎర్ర పొటాష్ అనేదాంట్లో 60 శాతం. సింగిల్ సూపర్‌లో 16 శాతం భాస్వరంతో పాటు 11 శాతం గంధకం కూడా ఉంటుంది, దాన్ని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు గానీ మంచి ఎరువు.

మీ 48-24-16 ని బస్తాల్లోకి మారుద్దాం. ఎప్పుడూ భాస్వరంతో మొదలుపెట్టండి. 24 కిలోల భాస్వరం కావాలంటే 24 ని 46 తో భాగించి వందతో గుణిస్తే 52 కిలోల డీఏపీ, అంటే ఎకరాకి ఒక బస్తా. ఆ డీఏపీతో పాటే 9 కిలోల పైన నత్రజని వచ్చేసింది. 48 లోంచి అది తీసేస్తే ఇంకా 38 కిలోల పైన కావాలి, దాన్ని యూరియాలోకి మారిస్తే 84 కిలోలు. పొటాష్ 16 కిలోలకి ఎర్ర పొటాష్ 27 కిలోలు. మూడెకరాలకీ కలిపి డీఏపీ మూడు బస్తాలు, యూరియా ఐదున్నర బస్తాలు, పొటాష్ బస్తాన్నర పైన కాస్త. అంతే, ఇదే మీ చీటీ. షాపులో డీఏపీ లేదు 28-28 ఉంది అంటే కంగారు పడకండి, 24 ని 28 తో భాగిస్తే 86 కిలోలు వస్తుంది, దాంతో 24 కిలోల నత్రజని కూడా వచ్చేస్తుంది కాబట్టి యూరియా ఆ మేరకు తగ్గించాలి. చాలామంది కాంప్లెక్స్ (28-28, 20-20 లాంటి, ఒకటికి మించి పోషకాలు కలిసిన ఎరువు) మార్చినప్పుడు యూరియా మాత్రం పాత లెక్కే వేసేస్తారు, దెబ్బ అక్కడే. ఏది చవకో తెలియాలంటే బస్తా ధరని కాదు, బస్తాలో ఉన్న పోషకం కిలోకి ఎంత పడుతుందో చూసుకోండి.

కార్డులో భాస్వరం ఎదురుగా "ఎక్కువ" అని ఉంటే డీఏపీ తగ్గించండి, భయపడకండి. ఏళ్ళ తరబడి డీఏపీ వేసీ వేసీ డెల్టా నేలల్లో భాస్వరం నిలవ పేరుకుపోయిన చేలు బోలెడు. దాన్ని కరిగించే బ్యాక్టీరియా పొడి దొరుకుతుంది, పశువుల ఎరువులో కలిపి చల్లుకోవచ్చు. నానో యూరియా గురించి కూడా అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్తా, సీసా మీద శాతం చూడండి, అర లీటరులో 20 శాతం అంటే సుమారు 100 గ్రాముల నత్రజని. ఆకు మీద కొట్టడానికి కొంత పనికొస్తే రావచ్చు, కానీ బస్తాలో ఉన్న 20 కిలోల పైచిలుకుకి అది బదులని చెప్పి నేలలో వేసే యూరియా మానేయమని నేను ఎవరికీ చెప్పను.

దుక్కి, పైపాటు, అంకురం. ఇవి నాన్నగారి మాటలు, వీటికి కార్డులో చోటు లేదు గానీ దిగుబడి వీటి మీదే ఉంది. దుక్కి లేదా దమ్ములో వేసేది అంటే నాట్లకి ముందు ఆఖరి దమ్ములో బురదలో కలిసేలా వేసే ఎరువు. పైపాటు అంటే పైరు నిలబడ్డాక పైనుంచి చల్లేది. భాస్వరం మొత్తం దమ్ములోనే పడాలి, ఎందుకంటే అది నేలలో పడ్డచోటే ఉండిపోతుంది, కదలదు, వేరు దాని దగ్గరికి వెళ్ళాలి. నాటిన నెల తర్వాత 28-28 పైన చల్లుతుంటారే, అందులో నత్రజని పనిచేసి చేను పచ్చబడుతుంది, చూసినవాళ్ళు కాంప్లెక్స్ గొప్పగా పనిచేసిందనుకుంటారు, భాస్వరం డబ్బులు మాత్రం ఈ పంటకి దాదాపు వృథా. పైపాటుకి యూరియా, అవసరమైతే పొటాష్, అంతే. కాంప్లెక్సులు వద్దు.

నత్రజనిని మూడు భాగాలు చేయాలి: దమ్ములో ఒకటి, పిలక దశలో ఒకటి, అంకురం దశలో ఒకటి. మీ లెక్కలో ఒక్కో భాగం 16 కిలోలు. దమ్ములో డీఏపీ నుంచే 9 పైన వచ్చింది కాబట్టి అక్కడ యూరియా 14 కిలోలు చాలు, తర్వాత రెండుసార్లు 35 కిలోల చొప్పున. తేలిక నేలయితే పొటాష్ కూడా సగం దమ్ములో, సగం అంకురం దగ్గర.

అంకురం అంటే పిలక లోపల వెన్ను పుట్టే సమయం. బయటికి ఏమీ కనపడదు, అదే ఇబ్బంది. పొట్ట కనిపించేసరికి రెండు మూడు వారాలు ఆలస్యం అయిపోయినట్టే. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి లెక్క: ఏ రకమైనా అంకురం నుంచి కోత వరకు దాదాపు 65 రోజులు. 150 రోజుల స్వర్ణ రకం అయితే విత్తిన 85వ రోజు ప్రాంతంలో, 120 రోజుల ఎంటీయూ 1010 రకం అయితే 55వ రోజు ప్రాంతంలో. నాటిన రోజు నుంచి కాదు, విత్తనం మండె కట్టి (నానబెట్టి మొలకెత్తించి) నారుమడిలో చల్లిన రోజు నుంచి లెక్క. రెండోది బ్లేడు. దుబ్బులో అన్నిటికంటే లావుగా ఉన్న తల్లి పిలకని వేరుతో సహా పీకి, వేరు దగ్గర్నుంచి పైకి మధ్యగా నిలువునా చీల్చండి. కింద కణుపుల పైన, లోపలి కొసన, మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో తెల్లగా సన్నటి కుచ్చు లాంటిది కనపడుతుంది, అదే వెన్ను. చేలో నాలుగైదు చోట్ల పిలకలు చీల్చి చూసి, సగానికి పైగా వాటిలో ఆ కుచ్చు ఉంటే ఆ రోజో మర్నాడో యూరియా వేసేయాలి. ఒకసారి మీ కళ్ళతో చూశారంటే ఇక ఎవర్నీ అడగరు. నాన్నగారిని గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టి ఆయన చేతే చూపించుకోండి, ఆయనకి బ్లేడు కూడా అక్కర్లేకపోవచ్చు.

యూరియా చల్లేముందు నీళ్ళు తీసేసి బురద పదును మీద చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పల్చగా నీళ్ళు పెట్టండి. నిండా నీళ్ళున్న చేలో చల్లితే గట్టు కన్నాల్లోంచి పక్క చేనికి పోతుంది.

జింకు గురించి ఒక్క ముక్క. కార్డులో జింకు లోపం అని ఉంటే ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేట్ దమ్ములో వేయాలి, కానీ డీఏపీతో గానీ ఏ భాస్వరం ఎరువుతో గానీ కలిపి వేయకూడదు, రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుని మొక్కకి అందవు. మధ్యలో రెండు మూడు రోజులు ఎడం ఉండాలి. పైరు మీద తుప్పు మచ్చలు కనిపించాక అయితే లీటరుకి 2 గ్రాముల చొప్పున ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి.

మందు డబ్బా. ఇక్కడ మీరు కన్ఫ్యూజ్ అయిన ఈసీకీ కార్డులో ఈసీకీ ఏ సంబంధమూ లేదండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది టెక్నికల్ పేరు, తర్వాత ఒక శాతం, తర్వాత రెండు అక్షరాలు. మీరు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే. ఆ రెండు అక్షరాలు మందు ఏ రూపంలో ఉందో చెప్తాయి. ఈసీ అంటే నూనెలాంటి ద్రవం, నీళ్ళలో పోయగానే పాలలా తెల్లగా కలిసిపోతుంది. ఎస్‌ఎల్ అంటే నీళ్ళలో పూర్తిగా కరిగిపోయే ద్రవం. ఎస్‌సీ అంటే చిక్కటి ద్రవంలో మెత్తటి రేణువులు తేలుతుంటాయి, డబ్బా అడుగున పేరుకుంటాయి కాబట్టి బాగా ఊపాలి, లేకపోతే పైన నీళ్ళు మొదటి ట్యాంకులో, అసలు మందు ఆఖరి ట్యాంకులో పడుతుంది. డబ్ల్యూపీ అంటే నీళ్ళలో కరగని, తడిసే పొడి, ముందు చిన్న బకెట్లో ముద్దలా కలిపి తర్వాత ట్యాంకులో పోయాలి. డబ్ల్యూజీ గుళికల్లా ఉంటుంది గానీ నీళ్ళలో విరుగుతుంది. జీ లేదా జీఆర్ అంటే గుళికలు, ఇసకలో కలిపి పల్చటి నీళ్ళున్నప్పుడు చల్లేవి.

శాతం ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ అని ఒకటుంది, 70 డబ్ల్యూజీ అని ఇంకోటుంది. మందు అదే. మొదటిది వరికి ఎకరాకి 40-50 మిల్లీలీటర్లు, రెండోది 12-14 గ్రాములు. రెంటిలోనూ ఎకరాకి పడే అసలు మందు 8-9 గ్రాములే. శాతం చూడకుండా "పోయినసారి 50 వేశాం కదా" అని రెండోది 50 గ్రాములు కొడితే నాలుగు రెట్లు పడ్డట్టు. డోసు ఎప్పుడూ ఎకరాకి లెక్కేసుకోండి, ట్యాంకుకి కాదు. చేతి పంపుకి ఎకరాకి 200 లీటర్ల నీళ్ళు పట్టొచ్చు, పవర్ స్ప్రేయర్‌కి ఇంకా తక్కువ పడుతుంది, డ్రోన్‌తో అయితే పదో వంతు కూడా పట్టదు. నీళ్ళు మారినా ఎకరాకి పడాల్సిన మందు మారదు. వరి మీద వాడకానికి ఆమోదించిన డోసు లేబుల్ మీదే ఉంటుంది, లోపల మడతపెట్టిన కాగితం తెలుగులో కూడా ఉంటుంది, అది పారేయకండి.

టెక్నికల్ పేరు చదవకపోతే ఏమవుతుందో చెప్తా. దోమపోటు ఏడాది ఒకాయన నా దగ్గరికి రెండు ఖాళీ డబ్బాలు పట్టుకొచ్చాడు, వేరే వేరే కంపెనీలు, వేరే వేరే పేర్లు, వారం తేడాతో రెండూ కొట్టాడు, దోమ చావలేదు. కింద చదివితే రెండూ ఇమిడాక్లోప్రిడే. చాలా చోట్ల దోమకి ఆ మందు అలవాటు పడిపోయింది, ఇక ఎన్ని పేర్లు మార్చినా ఏం లాభం. ఇంకో సంగతి, ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, డైనోటెఫ్యూరాన్ ఈ మూడూ పేర్లు వేరైనా ఒకే కుటుంబం, ఒకదానికి లొంగని దోమ రెండోదానికి కూడా మొండికేసే అవకాశం ఉంటుంది. మార్చాలంటే కుటుంబమే మార్చాలి, పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ ఎకరాకి 120 గ్రాములు అలాంటిది. షాపులో "దోమ మందు ఇవ్వండి" అనకుండా టెక్నికల్ పేరు, శాతం, అక్షరాలు చీటీ మీద రాసి ఇవ్వండి, బిల్లు మీద కూడా బ్యాచ్ నంబరుతో రాయించుకోండి.

డబ్బా మీద ఏటవాలుగా నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది, కింది సగంలో రంగు. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఈ రంగు మనిషికీ పశువుకీ ఎంత ప్రమాదమో చెప్తుంది, పురుగు మీద ఎంత పవరో కాదు. "ఎర్రది ఇవ్వండి గట్టిగా పనిచేస్తుంది" అని అడిగేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది. కాండం తొలిచే పురుగు మీద బాగా పనిచేసే క్లోరాంట్రానిలిప్రోల్ ఆకుపచ్చ గుర్తు మందే, 18.5 ఎస్‌సీ అయితే ఎకరాకి 60 మిల్లీలీటర్లు, 0.4 గుళికలైతే 4 కిలోలు. తలనొప్పి, వాంతులు, చెమటలు వస్తే ఆస్పత్రికి మనిషితో పాటు డబ్బా కూడా తీసుకెళ్ళాలి, విరుగుడు ఏదో డాక్టరుకి దాని మీదే కనపడుతుంది.

ఈటీఎల్ అనే మాట కూడా అడిగారు. పురుగు ఎంత ఉంటే మందు ఖర్చుకి తగ్గ లాభం ఉంటుందో ఆ గీత అది. వరిలో కాండం తొలిచే పురుగుకి పిలక దశలో చదరపు మీటరుకి ఒక తల్లి పురుగు గానీ ఒక గుడ్ల కుప్ప గానీ. దోమకి పిలక దశలో దుబ్బుకి 10-15, పూత దశలో 20-25. లెక్కపెట్టడం ఎలాగంటే, చేలో ఏటవాలుగా నడుస్తూ అక్కడక్కడ దుబ్బుని ఒక చేత్తో వంచి రెండో చేత్తో మొదలు మీద రెండు దెబ్బలు తట్టండి, దోమలు నీళ్ళ మీద రాలి తేలతాయి, గబగబా లెక్కపెట్టుకోవచ్చు. వాటితో పాటు సాలీళ్ళు, పచ్చటి మిరిడ్ నల్లులు కూడా పడతాయి, అవి మన పక్షం. అవి బాగా ఉంటే రెండు రోజులు ఆగి మళ్ళీ చూడండి. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు కొడితే ముందు చచ్చేది ఇవే, తర్వాత దోమ రెట్టింపు లేస్తుంది. మందు కొట్టాల్సి వస్తే నాజిల్ దుబ్బు మొదలుకి పెట్టాలి, దోమ ఉండేది అక్కడ. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలారంటే ఈ పని అంతా సులువు.

విత్తనం నంబర్లు త్వరగా చెప్పేస్తా. ముందు అక్షరాలు ఆ రకం పుట్టిన పరిశోధనా స్థానం: ఎంటీయూ మార్టేరు, బీపీటీ బాపట్ల, ఆర్‌ఎన్‌ఆర్ రాజేంద్రనగర్, ఎన్‌ఎల్‌ఆర్ నెల్లూరు, జేజీఎల్ జగిత్యాల. తర్వాతది వరస నంబరు, రోజులకీ దిగుబడికీ దాంతో సంబంధం లేదు. ఎంటీయూ 7029 అంటే స్వర్ణ, 1982లో మీ పక్కనున్న మార్టేరు నుంచే వచ్చి ఒడిశా, బెంగాల్ దాకా పాకిపోయింది. బీపీటీ 5204 అంటే సాంబ మసూరి. సంచికి కుట్టిన ట్యాగు రంగు చూడండి, నీలం అయితే సర్టిఫైడ్, తెలుపు అయితే ఫౌండేషన్, లేత ఆకుపచ్చ అయితే కంపెనీ తన పూచీ మీద అమ్మే ట్రూత్‌ఫుల్ లేబుల్. వరికి మొలక శాతం కనీసం 80 ఉండాలి. ట్యాగు, బిల్లు పంట ఇంటికొచ్చేదాకా దాచుకోండి, తేడా వస్తే నష్టపరిహారం అడగడానికి అవే ఆధారం.

ఇక అమ్మేటప్పుడు వినపడే మాటలు. మీ వైపు బస్తా అంటే 75 కిలోల లెక్క, కొనుగోలు కేంద్రంలో 40 కిలోల గోనెల్లో తూస్తారు, మద్దతు ధర క్వింటాకి అంటే 100 కిలోలకి, కాబట్టి 35 బస్తాలు పండింది అంటే 26 క్వింటాళ్ళ పాతిక కిలోలు. ఎఫ్ఏక్యూ అంటే మద్దతు ధర దక్కడానికి ధాన్యం ఉండాల్సిన నాణ్యత. తేమ 17 శాతం మించకూడదు, మట్టీ రాళ్ళూ ఒక శాతం, తాలూ చెత్తా ఒక శాతం, దెబ్బతిన్నవీ రంగు మారినవీ మొలకెత్తినవీ కలిపి 5 శాతం, పచ్చి ముడత గింజలు 3 శాతం, వేరే రకాల కల్తీ 6 శాతం లోపు.

తేమ లెక్క ఒకటి తప్పకుండా నేర్చుకోండి, ఎందుకంటే బేరం అంతా అక్కడే జరుగుతుంది. మిషను కోత అవ్వగానే ధాన్యం 22 శాతం తేమతో ఉందనుకోండి. 100 కిలోల్లో 78 కిలోలు అసలు గింజ, 22 నీరు. 17 శాతానికి ఎండితే ఆ 78 కిలోలు 83 శాతం అవుతాయి, 78 ని 83 తో భాగించి వందతో గుణిస్తే 94 కిలోలు. అంటే న్యాయంగా తగ్గాల్సింది క్వింటాకి 6 కిలోలు. కళ్ళం దగ్గరే కొనేసే వ్యాపారి తేమ పేరు చెప్పి 10 కిలోలు కోస్తానంటే, మిగతా 4 కిలోలకి మీరు ఎండబెట్టే కూలీ, బరకాలు, వాన భయం వీటిలో ఏది మిగులుతుందో చూసుకుని ఒప్పుకోండి లేదా మానేయండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజున 4 కిలోలు వదులుకోవడమే మంచిది కావచ్చు, అది మీ చేతిలో లెక్క ఉండి తీసుకోవాల్సిన నిర్ణయం.

ఈ-క్రాప్‌లో పంట నమోదు, ఈ-కేవైసీ రెండూ అయ్యాయో లేదో రైతు సేవా కేంద్రంలో ఇప్పుడే చూసుకోండి, అవి లేకపోతే కొనుగోలు కేంద్రంలోనూ బీమాలోనూ ఇబ్బంది పడతారు. మూడెకరాల్లో కొంత కౌలుది అయితే సాగుదారు హక్కు పత్రం, అంటే సీసీఆర్‌సీ కార్డు, 11 నెలలకి ఇస్తారు, దానికి భూమి యజమాని సంతకం కావాలి, కానీ ఆయన హక్కుకి దాంతో ఏ ఇబ్బందీ రాదని నెమ్మదిగా చెప్పి ఒప్పించుకోవాలి.

మీరు ఏ రకం వేశారో, నారు ఏ తేదీన పోశారో, కార్డులో ఓసీ, భాస్వరం ఎదురుగా ఏ అంకెలున్నాయో కింద రాయండి. భాస్వరం "ఎక్కువ" అని ఉంటే పైన నేనిచ్చిన చీటీలో డీఏపీ తగ్గించి యూరియా సర్దాలి, తేదీ చెప్తే మీ చేనికి అంకురం ఏ వారంలో పడుతుందో కూడా చెప్తాను.